శనివారం ముట్టని కంచాలు

మస్కట్‌లో, బౌషర్‌లోని మా అమ్మాయి ఇంట్లో మొన్న మనవరాలు స్కూలు ప్రాజెక్టు ముందేసుకుని కూర్చుంది. అమెరికాలో పోయిన శతాబ్దపు ఉద్యమాలట. నల్లవాళ్ల హక్కులు, యుద్ధం వద్దన్న కుర్రకారు, ఆడవాళ్ల ఊరేగింపులు, ద్రాక్షతోటల కూలీలు. ఆ చివరిది చూశాక నా నోరు ఊరుకుంటుందా? "అందులో నేనూ ఉన్నానే!" అన్నాను. "నువ్వు అమెరికా ఎప్పుడెళ్లావు తాతయ్యా?" అంది. "నేను వెళ్లడమెందుకు, అదే ఘాలాకి వచ్చింది" అన్నాను.

ఇందులో అబద్ధం సగమే. అదే మస్కట్‌లో ఘాలా లేబర్ క్యాంపులో నేను టైమ్ కీపర్‌గా కూలీల హాజరు రాసే రోజుల్లో, కంపెనీలో ఒక అమెరికా సేఫ్టీ ఇంజనీరు ఉండేవాడు. పాలులేని టీ ఊదుకుంటూ ఒకరోజు తన కుర్రతనం చెప్పాడు. కొట్టు ముందు అట్ట పట్టుకుని నిలబడి, వచ్చేపోయేవాళ్లని ద్రాక్ష కొనొద్దని బతిమాలేవాడట. ఎండలో మాడే ఆ తోటకూలీలని అతనెప్పుడూ చూసింది లేదు. అయినా ఊరూరా జనం కొనడం మానేస్తే యజమానులు దిగొచ్చారట. నేను రూమ్‌కెళ్లి అదే కథ చెప్పాను. కాకపోతే ఉత్త ద్రాక్షపళ్లు మరీ చప్పగా తోచి, అమెరికా మొత్తం అన్నమే మానేసిందన్నాను.

ఆ వారంలోనే మా రూమ్‌లోని జగిత్యాల అన్న సైట్‌లో ఎండదెబ్బకి పడిపోయాడు. రెండు రోజుల్లో లేచాడుగానీ, "ఇక పనికిరాడు, ఇంటికి పంపేస్తా" అన్నాడు క్యాంప్ బాస్. వచ్చి నాలుగు నెలలైనా కాలేదు, ఊళ్లో మొహమెట్లా చూపించాలని అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. "అట్లెట్ల పంపుతడు? మనం గూడ అమెరికోళ్ల లెక్క అన్నం ముట్టొద్దు" అన్నాడు టైల్స్ వేసే తమ్ముడు. ఎప్పుడూ పెదవి విప్పని మనిషి. మర్నాడు మెస్‌లో మావాళ్లు ఒక్కరూ కంచం తీయలేదు. తీరా చూస్తే అది శనివారం. శనివారం వీళ్లలో సగంమందికి ఒక్కపొద్దని క్యాంప్ బాస్‌కి తెలుసు. ఈసారి భక్తి పెరిగిందనుకుని పాపం రెండు పెట్టెల అరటిపళ్లు పంపించాడు! "ఏందే, అమెరికల గూడ గిట్లనే పండ్లు పంపిన్రా?" అని నన్ను ఆడుకున్నారు.

"అప్పుడు నేనెళ్లి బల్ల గుద్ది, మా మనిషిని పంపితే మేమందరం పోతామన్నాను" అని మనవరాలికి చెప్పాను. పిల్ల కళ్లింతలు చేసుకుని, నా పేరు పైన పెద్ద అక్షరాలతో రాయబోయింది. "ఆగమ్మా" అని, అసలు జరిగింది చెప్పాను.

హిందీ, ఇంగ్లీషు వచ్చినవాణ్నని సంగతి చెప్పిరమ్మని శనివారం పొద్దున నన్నే పంపారు. క్యాంప్ బాస్ "ఒక్కపొద్దేనా?" అంటే, "అవును సార్" అనేసి వచ్చాను. నన్నూ విమానం ఎక్కిస్తాడేమోనని. ఆదివారం కూడా కంచాలు కదల్లేదు. క్యాంప్ బాస్ మెస్‌కే వచ్చి "ఈరోజు ఏ దేవుడు?" అన్నాడు. నేను హాజరు పుస్తకంలో తల దూర్చాను. టైల్స్ తమ్ముడు లేచాడు. వచ్చీరాని హిందీలో, "ఉపవాస్ నహీ సాబ్. గుస్సా హై. అన్నకో మత్ భేజో" అన్నాడు. ఉపవాసం కాదు కోపమని, అన్నని పంపొద్దని. వెనకనే వచ్చిన అమెరికా ఆయన వెళ్లి అతని పక్కన నిలబడ్డాడు. సాయంత్రానికి అన్నని స్టోర్‌లో నీడపట్టు పనికి మార్చారు. ఇంకో ఆరేళ్లు ఉన్నాడు.

ఆ మాట అనడానికి తమ్ముడికి నిమిషం కూడా పట్టలేదు. అన్నది నేను కాదని చెప్పడానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది.