హెస్టర్ ఇల్లు వెనక్కి జరిగిన రోజు

మా హెస్టర్ లార్టర్ ఇంగ్లండును ఒంటిచేత్తో సముద్రం నోట్లోంచి వెనక్కి లాగింది. అబద్ధమాడితే నరకమేనని కాన్వెంటులో సిస్టర్లు చెప్పారు కనుక కాస్త సవరిస్తాను. లాగింది దేశాన్ని కాదు, తన ఇంటిని. చేతులు కూడా ఊరందరివీ.

ఆ ఇల్లు ఒక పాత రైలుపెట్టె. మా ఇసుక గట్టును సముద్రం ఏటా కొరుక్కుతింటుంది. అంచు దగ్గరపడినప్పుడల్లా, పీతల పడవలు లాగే ట్రాక్టరు కట్టి, దుంగల మీద ఇంటిని వెనక్కి జరుపుకోవడం మాకు అలవాటే. ఆ ఏడు జూన్‌లో అంచు ఆమె వంటగది గుమ్మం దాకా వచ్చేసింది.

ఆమె అక్క కొడుకు క్లెమ్ ట్రాక్టరు తెచ్చాడు. హెస్టర్ దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇంజను ఆపరా. కింద గట్టు బొరియల్లో వానకోవెల పిట్టలు పిల్లల్ని పొదిగాయి. నీ బండి అదురుకి అన్నీ పూడిపోతాయి."

"పిట్టల సంగతి సరే పిన్నీ. ఈసారి పెద్ద పోటు వస్తే నువ్వు టీ కప్పుతో సహా సముద్రంలో ఉంటావు."

"ఉంటే ఉంటాను. అవి ఆఫ్రికా నుంచి ఎగిరొచ్చాయి. నువ్వు పక్క ఊరికి వెళ్లాలంటేనే మూలుగుతావు."

"మీరైనా చెప్పండి," అన్నాడు క్లెమ్, పక్కింటి గుమ్మంలో నిలబడ్డ నాతో.

ఆమెను కుర్చీలోంచి లేపగల మగాడు మా ఊళ్లో లేడు. పెళ్లాడినవాడి వల్లే కాలేదు.

"ట్రాక్టర్లు లేనప్పుడు, మునిగేవాళ్లను కాపాడే లైఫ్‌బోటును నీళ్లలోకి ఎవరు లాగారు? మా అమ్మమ్మలు, తాడు పట్టుకుని. మీ చేతులకేం, వాతమా?" అంది హెస్టర్.

మధ్యాహ్నానికల్లా ఆ మాట ఊరంతా పాకింది. బేకరీ మూసేశారు. పీతలు వలిచే ఆడవాళ్లు కట్టుకున్న ఏప్రన్లతోనే వచ్చారు. లైఫ్‌బోటు షెడ్డులోంచి పాత తాడు తెచ్చారు. కేకలు లేవు. హెస్టర్ చెయ్యెత్తితే లాగడం, దించితే ఆగడం. మా ఊరివాళ్లు ఒక పూటంతా నోరు మూసుకుని ఉండడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. లోపల అలమరలో పింగాణీ గలగలలాడుతూనే ఉంది. కింద పిట్టలు మేత తెస్తూనే ఉన్నాయి. పొద్దుగూకేసరికి ఇల్లు వెనకున్న ముళ్లపొదల అవతలికి చేరింది.

ఆగస్టులో, పిల్లలన్నీ ఎగిరిపోయాకే, ఆ అంచు కూలింది.

మొన్న కొత్తగా వచ్చిన వాళ్లెవరో ఈ కథ నిజమేనా అని ఆమెనే అడిగారు. హెస్టర్ నన్ను ఎగాదిగా చూసింది.

"ఈయన మాటలు నమ్మకండి. ఎవరూ ఏదీ లాగలేదు. ఈ ఇల్లు మొదట్నుంచీ ఇక్కడే ఉంది."