రాధామనోహరం తీగలో పసిరిక పాము

ఇది మా కుటుంబం ఒక మహాసర్పంతో చేసిన యుద్ధగాథ. అంత లేదు లెండి, పాము పెన్సిలంత లావు. నిన్న పంజాగుట్టలో ఒక ప్రహరీ మీంచి రాధామనోహరం పూల వాసన వచ్చి గుర్తొచ్చింది.

అమీర్‌పేటలో మేం అద్దెకున్న ఇంటి డాబా మీదికి ఆ తీగే పాకి ఉండేది. పసిరిక పాము కళ్ళు పొడుస్తుందని అమ్మ నమ్మకం. తీగ పక్కన ఆరేసిన బట్టలు తేవడానికి నాన్న హెల్మెట్ నెత్తిన పెట్టుకుని వెళ్ళేది అమ్మ. నేను నాన్న చలువ కళ్ళద్దాలు పెట్టుకునేవాణ్ణి. వాటిలోంచి మిట్టమధ్యాహ్నం కూడా వెన్నెల్లా ఉండేది. గాలి లేకపోయినా పాము ఆకుకాడలా ఊగుతూ నన్నే చూసేది. మాకు స్నేహం కుదిరిందనుకున్నాను.

"ఆదివారం తీగ కొట్టించేస్తా" అంది అమ్మ. డాబా గదిలో అద్దెకుంటూ జావా నేర్చుకుంటున్న అన్నని, అమ్మకి నచ్చజెప్పమని బతిమాలాను.

"ఆంటీ, అది కండ్లు పొడవదు. దాని విషం తొండలకే. మనకైతే జర వాపొస్తది, గంతే."

"అయితే రేపట్నుంచి బట్టలు నువ్వే తీసుకురా నాయనా."

అన్న తల తడుముకున్నాడు. "హెల్మెట్ ఇస్తరా మరి?"

ఆదివారం తీగ పోయింది, పామూ పోయింది. అది చూసింది నన్ను కాదని, నా వెనక గోడ మీది తొండనని చాలా ఏళ్ళకి అర్థమైంది. తీగ ఉన్నచోట ఇంటాయన ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించాడు. నీళ్ళు బాగా వచ్చేవి.