ఏడో ఎక్కం, మూసుకుపోయిన చేయి

"...చెయ్యి దూరేది ఇటు, బయటికొచ్చేది అటు! అటువైపు మూతి కుట్టేస్తే మనిషి వేళ్లెక్కడ పెట్టుకుంటాడక్కా?"

కాజాలు కుట్టే అమ్మాయి ఆ చొక్కా చేతిని తొడుక్కుని, మూసుకుపోయిన కొసతో గాలిలోకి పిడిగుద్దులు విసిరింది. కుట్టుగదంతా గొల్లున నవ్వింది.

"మిషను తొక్కుతూ ఏడో ఎక్కం చదువుకుంటున్నా," అంది అక్క. "ఏడేడుల నలభై తొమ్మిది దగ్గరే కుట్టు అయిపోయింది, ఎక్కం అవలేదు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. నన్నేం చెయ్యమంటావ్?"

"అందుకని మలుపు తిప్పి డెబ్బై దాకా కుట్టేశావా తల్లీ!"

అక్క అంటే ఆ గదిలో దాదాపు అందరికీ అక్కే. ఇరవై రెండేళ్లుగా కిటికీ పక్క మిషను మీద, వేరొకరు కత్తిరించిన ముక్కల్ని కలుపుతోంది. రెండో తరగతితో బడి మానేసింది. కటింగ్ మాస్టరు శనివారంతో పని మానుకుంటున్నాడు. తన తర్వాత కత్తిరింపు బల్ల కావలసినవాళ్లు గుడ్డ లెక్క నోటితో చెప్పాలన్నాడు. అది తనకి కావాలని అక్క ఎవరితోనూ అనలేదు. కానీ వారం నుంచి ఆ బల్ల మీద దుమ్ము తనే తుడుస్తోంది.

ఇంట్లో నాలుగో తరగతి మనవరాలే పంతులమ్మ. కుట్టు సుద్దతో వంటింటి తలుపు నిండా ఎక్కాలు రాసింది.

"బట్టీ పట్టకు అమ్మమ్మా. ఆరేడుల ఎంతో తెలిస్తే ఇంకో ఏడు కలుపు. అంతే."

ఆ కలపడాన్ని అక్క పాదానికి నేర్పింది. తొక్కుకో ఏడు. అన్నం ఉడుకుతున్నంతసేపూ పాదం ఆడేది. ఒకరోజు బస్సులో ముప్పై అయిదు దగ్గర పక్కావిడ కాలు తొక్కి తిట్లు తింది, తింటూనే నలభై రెండు అనుకుంది.

శనివారం అక్క వెళ్లి ఆ బల్ల ముందు నిలబడింది. మాస్టరు అడిగాడు. "ఏడు చొక్కాలు. ఒక్కోదానికి రెండుంబావు మీటర్లు. ఎంత గుడ్డ?"

పాదం ఆడింది. "ఏడు రెండ్ల పద్నాలుగు..."

అక్కడ ఆగిపోయింది. పావుల ఎక్కం తలుపు మీద లేదు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అక్క బల్ల మీది పేలిక తీసి సగానికి మడిచింది, మళ్లీ సగానికి మడిచింది, విప్పి గళ్లు లెక్కపెట్టింది.

"ఏడు పావుల్లో నాలుగు కలిస్తే ఒక మీటరు. ఇంకా మూడు పావులు. మొత్తం పావు తక్కువ పదహారు!"

మాస్టరు కాగితం చూసుకున్నాడు. "సరిపోయింది."

కాజాల అమ్మాయి ఆ మూసుకుపోయిన చేతిని జెండాలా ఊపింది.

"అంతా బాగానే ఉంది గానీ చెల్లెమ్మా," అన్నాడు మాస్టరు, "ఎక్కం అయ్యేదాకా నువ్వు ఆగవుగా. కత్తెర కూడా అలాగే పోతే?"

అక్క కత్తెర అందుకుని గది వైపు తిరిగింది.

"సోమవారం నుంచి ఎక్కాలు మీరు చదవండర్రా. నేను కత్తిరిస్తాను."