నిమ్మచెట్టు మీది పిట్టరెట్టలు

మొన్న నాగర్‌కర్నూల్‌లో మా పక్కింటామె నిమ్మమొక్క కుండీని చంకన పెట్టుకొని వచ్చింది. "అక్కా, పిట్టలు ఆకులన్నీ ఖరాబు చేస్తున్నయి. వల కట్టాల్నా ఏంది?" అని అడిగింది. ఆకు మీద నల్లగా, నడుమ తెల్లగా ఉన్న మరకను చూడగానే నాకు నవ్వొచ్చింది. ఆమెను చూసి కాదు, లింగాల దగ్గరి మా అత్తగారి ఊరు గుర్తొచ్చి.

ఊరంతా పత్తి వేస్తున్న రోజులవి. అత్తమ్మ తన తల్లిగారి ఊరు ఇటిక్యాల నుంచి ఒక నిమ్మమొక్కను బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చి, వాకిట్లో మంచినీళ్ల గోలెం పక్కన నాటింది. బియ్యం కడిగిన నీళ్లు ఇంకెక్కడ పోసినా ఊరుకొనేది కాదు, అవి చెట్టు సొత్తు. మూడో ఏడు అది నా భుజం దాకా వచ్చి మొదటిసారి పూత పట్టింది. సరిగ్గా అప్పుడే ఆకులు తరిగిపోవడం మొదలైంది. ఆకుల మీది మరకలు చూసి అత్తమ్మ పిట్టల మీద పగబట్టింది. పాత నూనెడబ్బాలో రాళ్లు వేసి కొమ్మకు కట్టి, దాని తాడు పొయ్యి దాకా లాక్కుంది. వంట నడుమ కూడా గుంజుతూనే ఉండేది. మా ఇంట్లో కూర మాడిందంటే అది పిట్టల వల్లే. పిట్టలు రావడం మానేశాయి. ఆకులు మాత్రం ఇంకా జోరుగా పోసాగాయి.

ఒకనాడు పొద్దున్నే మా మరిది పత్తిమందు పంపు వీపున తగిలించుకొని చెట్టు ముందు నిలబడ్డాడు. "ఒక్కపారి కొడ్త, సాఫ్ అయితది."

"పక్కన తాగే నీళ్లున్నయి. ఆ కాయలు రేపు మనమే తినాలె," అన్నాను.

"గోలెం మీద మూత పెడ్త తియ్యి వదినె. మందు కొట్టకుంటే చెట్టు దక్కదు. ఎండిపోతే అమ్మకు నువ్వే జవాబు చెప్పుకో."

అత్తమ్మ చెట్టు వైపే చూస్తూ కూర్చుంది. నాకేం తోచక ఒక మరకను గోటితో గీకాను. అది కదిలింది! తల ఎత్తి రెండు ఎర్రటి కొమ్ములు బయటపెట్టింది. కుళ్లిన నిమ్మతొక్కల కంపు గుప్పుమంది.

"అత్తమ్మా, రెట్టకు కొమ్ములు మొలిసినయి!"

"పొద్దుగాల్నే పరాచికాలా పిల్లా," అంటూ వచ్చి తనూ తాకి, ఎగిరి వెనక్కి దూకింది. "ఓయమ్మో, పురుగు! దీన్ని తినే పిట్టలను ఎల్లగొట్టి, ఇన్ని దినాలు దీనికి నేనే కావలి కాసిన్నా!"

"పొద్దు నడినెత్తికి వచ్చేలోగా అన్నీ ఏరుతం. ఒక్కటి మిగిలినా నీ ఇష్టం," అని మరిదితో పందెం కట్టాను. పంపు దించి అరుగు మీద కూర్చున్నాడు. చిన్నవి రెట్టల్లా ఉన్నాయి, ఎదిగినవి ఆకు రంగులో కలిసిపోయాయి. కొత్తగా కొరికిన అంచు చూసి, దాని చుట్టూ వెతికితే దొరికేవి. చిగుళ్ల మీద ఆవగింజంత పసుపు గుడ్లను వేలితో నలిపాం. పురుగులను సబ్బునీళ్ల బకెట్లో వేశాం. ఒకటి కోడికి వేస్తే, ముక్కు నేలకు తుడుచుకొని వెళ్లిపోయింది.

పొద్దు నడినెత్తికి వస్తుండగా మరిది వచ్చి ప్రతి కొమ్మా వంచి చూశాడు. ఆకుల కింద కూడా చూశాడు. "లేవు వదినె," అని పంపు ఎత్తుకొని చేనుకు పోయాడు. అత్తమ్మ డబ్బా తాడును తనే కొడవలితో కోసేసింది. మర్నాడు, నానబెట్టిన వేపగింజల పొడి నీళ్లు వడకట్టి, కాస్త సబ్బు కలిపి చీపురుతో చల్లాం. ఆ తర్వాత రోజూ పొద్దున చిగుళ్లు తిరగేసి చూడటం నా పనయింది.

ఆ ఏడు తొమ్మిది కాయలు నిలిచాయి. అత్తమ్మ ఇంటింటికీ ఒకటి పంచుతూ, "మందుతోని కాదు, మా కోడలు కండ్లతోని కాసిన కాయలు," అని చెప్పుకొచ్చింది. పనిచేస్తే మెచ్చుకొనే అలవాటు ఆమెకు లేదు. ఆ మాట వినడానికి నేను ప్రతి గడప ముందూ ఆమె వెనకే నిలబడ్డాను.

పక్కింటామె కుండీలోని మరకనూ అలాగే గోటితో గీకి చూపించాను. ఆనాటిది ఒక్క పూట పని. ఏళ్లు ఎన్నో గడిచాయి గానీ, నా లోపల ఆ పొద్దు ఇంకా సాగుతూనే ఉంది, నడినెత్తికి రాలేదు.