మూర్తిగారి మొక్కకు మజ్జిగ

2023 సెప్టెంబర్. వాంకూవర్ శివార్లలో మేము బాగుచేస్తున్న హీత్‌లాండ్‌లో అప్పటికి కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. హీత్‌లాండ్ అంటే పెద్ద చెట్లు పెరగని, ఆమ్లగుణం ఎక్కువున్న నేల. మోకాలెత్తు పొదలు, వాటి కింద మెత్తటి నాచు, సగం రోజులు పొగమంచు. నా ఉద్యోగం పేరు రెస్టోరేషన్ టెక్నీషియన్. చెడిపోయిన నేలను మళ్లీ పూర్వస్థితికి తేవడం నా పని, చూసేవాళ్లకు మాత్రం గడ్డి పీకడం. మా అత్తగారు ఎవరైనా అడిగితే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ అని చెప్పి మాట మార్చేస్తారు.

ఈ నేలకు సారం పడదు. ఇక్కడి పొదలు ఏమీ లేనిచోటే హాయిగా బతుకుతాయి. కాస్త ఎరువు తగిలిందా, గడ్డి లేచి వాటిని మింగేస్తుంది. అందుకే మేము మొదట చేసేది టాప్‌సాయిల్ స్ట్రిప్పింగ్, అంటే సారమున్న పైమట్టిని చెక్కి తరలించేయడం. నేను గోదావరి జిల్లా మనిషిని. బంగారంలాంటి నల్లమట్టిని లారీలకెత్తిస్తుంటే మొదటి వారం అటు చూడలేక తల తిప్పుకునేదాన్ని.

మూర్తిగారు మా వలంటీరు. రిటైరయ్యాక ప్రతి శనివారం వచ్చేవారు. అంతకుముందు ఏడు చెక్కబాట చివర లాబ్రడార్ టీ అనే చిన్న పొదను ఆయనే నాటారు. ఆ చలికాలమే జబ్బుచేసి పోయారు. వేసవి మొదట్లో ఆయన భార్య సుభద్రగారు రావడం మొదలుపెట్టారు. ఆయన ఉన్నన్నాళ్లూ "ఆ బురదలో ఏముందండీ" అని సాధించిన మనిషి, ఇప్పుడు రెండు బస్సులు మారి వచ్చేవారు. మొక్కను నేనే చూపించాను. వంగి ఆకు తిప్పి చూశారు.

"ఇంతేనా పెరిగింది?" అన్నారు.

"ఇది ఇంతే ఆంటీ, నిదానం."

ఆ తర్వాత ఆవిడ వచ్చినప్పుడల్లా నాకు పని పడితే నేను వెళ్లిపోయేదాన్ని, ఆవిడ అక్కడే కూర్చునేవారు.

ఆ ఉదయాలు తలుచుకుంటే ఇప్పటికీ నిద్రలో నడిచినట్టే ఉంటుంది. పొగమంచులో పదడుగుల అవతల లోకం ఉండేది కాదు. అడుగు వేస్తే నాచు పరుపులా దిగి, మళ్లీ నెమ్మదిగా పైకి లేచేది. ఎక్కడో కొంగ ఒకటి అరిచేది. ఆ తెల్లదనంలో ఆవిడ ఊదారంగు శాలువా ఒక్కటే కనిపించేది. ఆవిడ నిజంగా వచ్చారా, నేనే ఊహించుకున్నానా అనిపించేది ఒక్కోసారి.

ఆగస్టు చివర్లో ఆ మొక్క చుట్టూ గడ్డి లేచింది. చాపంత మేర, పచ్చగా, ఏపుగా. నాచు నల్లబడి జిగటగా తయారైంది. మొక్క ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఎవరి కుక్కో వచ్చి పాడుచేస్తోందనుకున్నాను. మా సూపర్‌వైజర్ చూసి, గడ్డి విత్తనం పట్టకముందే ఆ చోటంతా మొక్కతో సహా చెక్కేయమన్నాడు. ఆ మాట సుభద్రగారికి ఎలా చెప్పాలా అని వారమంతా మథనపడ్డాను.

చెబుదామని వెళ్లిన ఉదయం ఆవిడ వంగి, జ్యూస్ సీసాలోంచి మొక్క మొదట్లో ఏదో తెల్లగా పోస్తున్నారు.

"ఏంటాంటీ అది?"

"మజ్జిగేనమ్మా, బాగా పులిసింది. నీళ్లు కలిపే తెచ్చాలే. ఇంట్లో కరివేపాకు మొక్క దీంతోనే రెండు చలికాలాలు గట్టెక్కింది. ఒక్కోరోజు బియ్యం కడిగిన నీళ్లు తెస్తుంటాను. దీనికి ఇక్కడ ఎవరూ ఏమీ పెట్టట్లేదు పాపం, చూడు ఎలా పాలిపోయిందో."

పాలిపోయేకొద్దీ ఆవిడ ఇంకా ఎక్కువ పోశారన్నమాట. ఆవిడ మీద కోపం రాలేదు. మా అమ్మయినా అదే చేసేది. కానీ దాచిపెడితే మొక్క దక్కదు.

"ఆంటీ, ఇది ఆకలితో పాలిపోలేదు. మీరు పెట్టింది అరగక పాలిపోయింది."

గడ్డి సంగతి, నాచు సంగతి చెప్పాను. చెక్కేయమన్నారని కూడా చెప్పాను. ఆవిడ సీసాకు మూత పెట్టి, బిగించిన మూతనే మళ్లీ బిగించారు.

"అయితే పోయినట్టేనా ఇది?"

"మొక్కను తీసి, వేళ్లు కడిగి వేరేచోట పెడదాం. బతుకుతుందని మాట ఇవ్వలేను. ఆ తర్వాత మాత్రం మనం ఏమీ చెయ్యకూడదు."

"ఏమీనా?"

"ఏమీ చెయ్యకూడదాంటీ."

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. గొణిగి ఒప్పుకున్నాడు. ఇద్దరం చెక్కబాట మీద మోకాళ్ల మీద కూర్చుని, గడ్డి లేచిన చోటును ముక్కలుగా కోసి బకెట్లకెత్తాం. వేళ్లను వాననీటితో కడుగుతుంటే ఆవిడ మొక్కను రెండు అరచేతుల్లో పట్టుకున్నారు. బాటకు అవతలి పక్క ఉత్త పీట్‌లో, అంటే వందల ఏళ్లుగా కుళ్లకుండా పేరుకున్న నాచుమట్టిలో, దాన్ని పెట్టాం. ఆవిడ దాని మొదట్లో మట్టిని వేళ్లతో అదిమారు.

"ఆఖర్లో ఆయనకి తిండి సయించేది కాదమ్మా" అన్నారు. "బలవంతం చెయ్యొద్దని డాక్టరు చెప్పాడు. నేను వింటేగా. ముద్ద కలిపి పట్టుకుని ఆయన వెనకాలే తిరిగేదాన్ని. ఒక్క ముద్ద, ఒక్క ముద్ద అని. ఆయనకీ ఇలాగే చేశానా?"

డాక్టరు మాట తప్పని చెప్పలేను. అలాగని ఊరుకోనూ లేకపోయాను.

"అది నాకు తెలీదాంటీ. శనివారాలు ఆయన మీరిచ్చిన టిఫిన్ డబ్బా ఇక్కడే కూర్చుని విప్పేవారు. పులిహోర ఒక్క ముద్ద పెట్టమంటే డబ్బా అటు తిప్పేసుకునేవారు. మాకు మాత్రం ఎప్పుడూ పెట్టలేదు."

సుభద్రగారు నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుని, "పిసినారి మనిషి" అన్నారు.

ఆ మొక్క ఒక పక్క ఎండిపోయింది. రెండో పక్క బతికే ఉంది, పెద్దగా పెరగకుండా. ఏం పెట్టాలో నేర్పడానికి నాకు చాలామంది గురువులు దొరికారు. పెట్టకుండా ఉండటం ప్రేమున్నవాళ్లకు ఎంత కష్టమో మాత్రం ఆవిడ దగ్గరే చూశాను. సుభద్రగారు ఇప్పటికీ వస్తారు, ఉత్త చేతులతో. ఆ చేతులు రెండూ శాలువాలో దాచుకుని మొక్క పక్కన కూర్చుంటారు. మంచు విడిపోయే వేళకు లేచి, "వస్తానండీ" అని దానికి చెప్పి వెళ్లిపోతారు.