ఆయుధపూజ మర్నాడు ఆగిన వాన లెక్క

ఆయుధపూజ అంటే మా వాతావరణ అంచనాల ఆఫీసులో కంప్యూటర్లకూ బొట్టే. అన్నీ ఆపి, తుడిచి, కుంకుమ పెట్టి, మంచి ఘడియ చూసి మా పెద్దసారు తన చేత్తో మళ్ళీ నడిపిస్తారు. ఆ ఏడూ అంతే చేశారు. మర్నాడు పొద్దున, వాన ఎక్కడ ఎంత పడుతుందో కంప్యూటర్లు కట్టే లెక్క మొదలైన కాసేపటికే చచ్చింది. మెమరీ చాలలేదట! మెషిన్లలో చూస్తే సగానికి పైగా ఖాళీ.

సరిగ్గా అప్పుడే మా అన్న ఫోను. రెండో కారుగా వేసిన ఎడగారు వరి కోసి, వడ్లన్నీ కోవూరు దగ్గర రోడ్డు మీద ఆరబోసి ఉన్నాడు.

"వాన వస్తాదా, రాదా? చెప్పమ్మా! పచ్చి వడ్లు గోతాలకెత్తితే ముక్కిపోతాయి, వదిలేస్తే కొట్టుకపోతాయి."

ఏం చెప్పను నా మొహం! పనుల్ని మెషిన్లకు పంచే షెడ్యూలర్ సెట్టింగుల్లో మెమరీ పరిమితి పెంచాను. లెక్క చచ్చింది. ఇంకా పెంచాను. మళ్ళీ చచ్చింది. తల ప్రాణం తోకకొచ్చి కీబోర్డుకు ఒక్కటిచ్చాను.

"దాన్నెందుకు కొడతావు పాపా, అదేం చేసింది?" అంటూ వచ్చింది మా సిస్టమ్స్ చూసే అక్క. నా సెట్టింగుల జోలికే పోలేదు. నడుస్తున్న షెడ్యూలర్‌కు నిజంగా ఎంత పరిమితి అందిందో చూసింది.

"నువ్వు రాసింది దీనికి అందలా. ఎవరిదో లాగిన్ నుంచి లేపినారు దీన్ని. ఆ లాగిన్‌కుండే చిన్న పరిమితే దీనికీ వచ్చింది, దీని కింద నడిచే లెక్కకీ వచ్చింది. ఎవరు స్టార్ట్ చేసినారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పెద్దసారు దగ్గారు. మామూలుగా మెషిన్ ఆన్ చేస్తే షెడ్యూలర్ దానంతటదే లేస్తుంది. పూజనాడు మాత్రం సారు చెయ్యి పడాల్సిందే కదా!

"మీ చెయ్యి మంచిదే సార్. బొట్టు మీరే పెట్టండి, లేచేది మాత్రం దాన్నే లేవనీండి," అని నవ్వింది అక్క. సారూ నవ్వేశారు. నేనైతే అరిచి ఆఫీసు పైకప్పు లేపేదాన్ని. ఎంత ఓర్పు, ఎంత నేర్పు ఆ మనిషికి!

షెడ్యూలర్‌ను ఆపి, మెషిన్‌నే లేపనిచ్చింది. ఈసారి లెక్క చివరిదాకా నడిచింది. సాయంత్రానికి కోవూరు వైపు గట్టి వాన పడుతుందని తేల్చింది. వెంటనే అన్నకు చెప్పాను.

సాయంత్రం అన్న మళ్ళీ ఫోను చేస్తే అక్కకూ వినిపించాను. రేకుల మీద వాన మోతలో అరుస్తున్నాడు: "గింజ తడవలా!"

"మీ పక్కోళ్ళవో అన్నా?" అంది అక్క.

"అందరివీ ఎత్తేసినాం అక్కా!"

"హమ్మయ్య!" అని కుర్చీలో కూలబడింది. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే గటగటా తాగేసి ఇంకోటి అడిగింది. అప్పటిదాకా నవ్వుతూనే ఉన్న మనిషి, పొద్దుట్నించీ గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదట!