బూట్లతో సముద్రంలోకి

ఓడ వచ్చిన రోజు యూస్టస్ తన వ్యాను అద్దంలా తుడిచి, ఇస్త్రీ చొక్కా, నల్లబూట్లు వేసుకుని రేవు దగ్గర నిలబడతాడు. సాయంత్రం ఓడ కదిలేలోపు టూరిస్టులకు మా యాంటిగా దీవిలోని బీచ్‌లన్నీ చూపించాలని అతని పంతం. తను మాత్రం ఇసుకలో కాలు పెట్టడు. వ్యానుకు ఆనుకుని "ఎక్కండి, ఎక్కండి" అని తరుముతుంటాడు. మొన్న చివరి బీచ్ డార్క్‌వుడ్‌లో హిల్డా అనే టూరిస్టు ముసలావిడ ఎంత పిలిచినా నీళ్లలోంచి రాలేదు. మెడలోతు నీళ్లలో మా ఊరి ఆడవాళ్లతో కబుర్లలో పడింది. ఆవిడ ఓడ అందుకోలేకపోతే యూస్టస్‌ను ఇక రేవులోకి రానివ్వరు. విసుగెత్తి బూట్లతోనే దిగాడు.

"ఏరా, పలకరింపే లేదు? మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?" అంది ఆ ఆడవాళ్లలోంచి ఆర్డెల్లా అత్త.

మా దగ్గర నీళ్లలో పలకరిస్తే జవాబివ్వకుండా పోకూడదు. మోకాలి నుంచి మాట ఆర్డెల్లా మేనల్లుడి ఆగిపోయిన పెళ్లి మీదికి వెళ్లింది. యూస్టస్‌కు మెడదాకా నీళ్లొచ్చాయి. ఒడ్డున వ్యాను హారన్ మోగింది. ఎప్పుడో ఒడ్డెక్కిన హిల్డా తువ్వాలు చుట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది.

"వస్తావా బాబూ, నన్నే తోలుకెళ్లమంటావా?"

"ఒక్క నిమిషం అమ్మా! పెళ్లి ఎవరు చెడగొట్టారో చెబుతోంది!"

ఓడ మెట్లు తీసేలోపు అందరినీ చేర్చాడు. ఆ తడిబట్టలతోనే వ్యాను మళ్లీ డార్క్‌వుడ్ వైపు తిప్పాడు.